రెండో తాడు

పోయిన వారం మనం లేచి వెళ్ళేసరికి దర్జీ పిల్ల తాళాల కొట్టు బల్ల మీద రెండు చేతులూ ఆనించి, "ఆ తాళంచెవి వట్టి ఇనపముక్కని నువ్వే వచ్చి మా ఆయనకు చెప్పాలి బాబాయ్" అని నిలబడి ఉంది. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం వెనకటి సంగతి నాలుగు ముక్కల్లో చెబుతాను. పాతవాళ్ళు ఈలోగా కాళ్ళు చాపుకోవచ్చు.

వీధి వీధంతా బాబాయ్ అని పిలిచే ఈ తాళాలాయన కొట్లో ఒక రేకు డబ్బా ఉంది. దాని పేరు తప్పుల డబ్బా. పళ్ళు తప్పు కోసిన తాళంచెవులన్నీ అందులోకి పోతాయి. పది నెలల కిందట, డ్రైవింగ్ పరీక్ష నాలుగుసార్లు తప్పిన ఒకావిడ తొందరలో మంచి తాళంచెవి బల్ల మీద వదిలేసి తప్పుది పట్టుకుపోయింది. అది గుప్పెట్లో పెట్టుకుని ఐదోసారి పరీక్షకు వెళ్ళి పాసైపోయింది. అంతే, మర్నాటి నుంచి ఏ తలుపూ తెరవని తాళంచెవి అన్ని తలుపులూ తెరుస్తుందని వీధిలో కొత్త శాస్త్రం పుట్టింది. రొట్టెల బట్టీ ఆయనకు పిండి బాగా పొంగిందట. మూడో ఇంటి ముసలావిడకు తప్పిపోయిన పిల్లి తిరిగొచ్చిందట. పిల్లులు ఆకలేస్తే తిరిగొస్తాయని ఎవరూ అనలేదు. బాబాయ్ మొదట నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు. చివరికి అడిగినవాళ్ళకల్లా డబ్బాలో చెయ్యిపెట్టి, చూడకుండానే ఒకటి తీసి ఇవ్వడం మొదలుపెట్టాడు. పీడా విరగడైందనుకున్నాడు.

అలా ఇచ్చినవాటిలో ఒకటి దర్జీ పిల్ల మొగుడి మెడలో పడింది. అతను పెద్ద పెద్ద భవనాలకు తాళ్ళ మీద వేలాడుతూ అద్దాలు తుడుస్తాడు. తోటివాళ్ళు పెట్టిన పేరు బల్లి. ఆ తాళంచెవికి చిన్న గుడ్డసంచి కుట్టి మెడలో వేసింది పెళ్ళామే. ఇప్పుడు తన చేతిని తనే తిట్టుకుంటున్నదీ ఆమే.

ఎందుకంటే ఈ పనికి రెండు తాళ్ళు ఉంటాయి. మొదటి తాడుకు చెక్కపీట వేలాడుతుంది, దాని మీద కూర్చుని దిగుతూ తుడవాలి. రెండో తాడు ఊరికే పక్కన ఉంటుంది. దాని మీద జారే ఇనప పట్టు ఒకటి, ఆ పట్టుకో కొక్కెం. ఆ కొక్కేన్ని ఛాతీ బెల్టుకు తగిలించుకుని, రెండు బారలు దిగినప్పుడల్లా పట్టును చేత్తో నొక్కి కిందికి లాక్కోవాలి. విసుగు పుట్టించే పనే. కానీ మొదటి తాడు మోసం చేసిన రోజున మనిషిని పట్టుకునేది అదొక్కటే. మూడు నెలల కిందట తొమ్మిదో అంతస్తు దగ్గర బల్లి పీట ఒరిగిపోయింది. రెండో తాడు గుంజి పట్టుకుంది. బల్లి కిందికి దిగి, మెడలో సంచిని కళ్ళకద్దుకున్నాడు. పట్టుకున్నది తాడు, పేరు తాళంచెవికి. ఆ మర్నాటి నుంచే, తాళంచెవి ఉండగా ఈ జంజాటం దేనికని రెండో తాడు తగిలించుకోవడమే మానేశాడు. మంగళవారం బట్టలు ఇచ్చి వస్తూ దర్జీ పిల్ల తల పైకెత్తి చూస్తే, మొగుడు పదో అంతస్తులో ఒక్క తాడు మీద ఊగుతున్నాడు. రెండోది కిందికి వదలనే లేదు.

ఇదీ కథ. ఇప్పుడు గురువారం పొద్దున ఎనిమిదిన్నర. పదకొండు అంతస్తుల అద్దాల భవనం కింద బల్లి బకెట్లో సబ్బునీళ్ళు కలుపుతున్నాడు. రోడ్డుకు అవతల దర్జీ పిల్ల కొలతల టేపు మెడలో అలాగే వేసుకుని నిలబడి ఉంది. మూడు రోజులుగా ఇంట్లో చెప్పీ చెప్పీ ఆమె గొంతు పోయింది. బాబాయ్ చంకలో తప్పుల డబ్బా పెట్టుకుని అల్లుడి దగ్గరికి నడిచాడు. వరసకు అల్లుడే, ఆ పిల్ల బాబాయ్ అంటుంది కాబట్టి.

నిజం చెప్పేస్తే పని అయిపోతుందని బాబాయ్ నమ్మకం. అరవై రెండేళ్ళొచ్చాయి, అయినా లోకం మీద ఇంకా అంత భరోసా ఉంది పాపం ఆయనకు.

చెప్పాడు. దాచకుండా చెప్పాడు. డబ్బా మూత తీసి అడుగున మిగిలిన పదిపన్నెండు తాళంచెవులు చూపించాడు. ఇది మిషను బెసికి చెడింది, ఇది తనకు జలుబు చేసి తుమ్మినప్పుడు చెడింది, ఇది తిరగేసి బిగించి కోసింది, అని ఒక్కోదాని పాపం విప్పాడు. పనివాడు తన తప్పులు తనే లెక్కపెట్టి చూపించడం ఎంత కష్టమో పనివాళ్ళకే తెలుస్తుంది. బల్లి శ్రద్ధగా విన్నాడు. సబ్బునీళ్ళలో చెయ్యిపెట్టి నురగ చూసుకున్నాడు.

"అయితే ఏమైంది మావయ్యా? చెట్టుకు కాయ ఎందుకు కాసిందో చెట్టుకు తెలుస్తుందా? నీ చేతి సంగతి నీకు తెలియదు."

పోనీ ఇది ఇచ్చేసి ఈ డబ్బాలోంచి ఇంకోటి తీసుకో, ఏదైతేనేం, తేడా లేదుగా అన్నాడు బాబాయ్. బల్లి సంచిని గుప్పెట్లో మూశాడు. వెయ్యింట్లో కలిపినా తనది తను గుర్తుపడతానన్నాడు. సంచి పైనుంచి తడిమితే చాలట, తల దగ్గర కొంచెం గరుగ్గా తగులుతుందట. బయటికి తీసి చూపించమంటే ఒప్పుకోలేదు. నలుగురి కళ్ళూ పడితే పస తగ్గిపోతుందన్నాడు.

బాబాయ్‌కి ఒళ్ళు మండింది. ఇంత మూఢనమ్మకం ఏంటయ్యా అని గొంతు పెంచాడు. బల్లి మాత్రం గొంతు పెంచలేదు.

"నువ్వు రోజూ షట్టరు వేశాక మూడుసార్లు లాగి చూస్తావు. నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కొచ్చి ఇంకోసారి లాగుతావు. వీధంతా చూస్తూనే ఉంటుంది. అదేంటి మరి?"

"అది జాగ్రత్త."

"ఇదీ జాగ్రత్తే మావయ్యా. నీది షట్టరుకి, నాది ప్రాణానికి."

బాబాయ్ డబ్బా మూత పెట్టేశాడు. ఆ నాలుగోసారి లాగడం జాగ్రత్తేనా అని ఆయనకే లోపల్లోపల ఎప్పటినుంచో అనుమానం. బల్లి బకెట్ అందుకుని, పీట భుజాన వేసుకుని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

నిజం పనిచెయ్యలేదు కాబట్టి అధికారంతో చేయిద్దామని బాబాయ్ సూపర్‌వైజరు గదికి వెళ్ళాడు. రెండో తాడు లేకుండా మనిషిని దించడం తప్పు కదా, ఆపించండి అన్నాడు. సూపర్‌వైజరు మర్యాదగా లేచి నిలబడి, చొక్కా జేబులోంచి ఒక తాళంచెవి తీసి కళ్ళకద్దుకుని, అల్లుడికి తాడు సంగతి తప్పకుండా చెబుతానని, తను చెప్పినా వినడని, అయినా మీ చలవ ఉండగా భయం దేనికని అన్నాడు. ఈ భవనంలో మీ తాళంచెవి లేనిది లిఫ్టుకొక్కదానికేనని, అందుకే అది నెలకోసారి పాడవుతోందని కూడా చెప్పాడు. ఇవాళ పాడైన రోజు.

కాబట్టి బాబాయ్ పదకొండు అంతస్తులూ నడిచి ఎక్కాడు.

ఆయనకు ఎత్తంటే చచ్చేంత భయం. ఎత్తు షట్టర్లకు నిచ్చెన ఎక్కాల్సి వస్తే ఎప్పుడూ అక్కే ఎక్కేది. నిచ్చెన కింద నిలబడి పట్టుకునే పని ఈయనది. పని నేర్పిందీ ఆమే. ఆకురాయి పట్టడం, పళ్ళు కొయ్యడం, ముఖ్యంగా గాట్లు పెట్టడం. వాళ్ళ కొట్లో ఒక పద్ధతి ఉంది. తాళంచెవి కోశాక తాళంలో పెట్టి తిప్పాలి. తిరిగాకే దాని తల అంచున గాట్లు పెట్టాలి. అక్కవి మూడు గాట్లు, తమ్ముడివి రెండు. తిరగనిదానికి గాటు లేదు, దాని చోటు తప్పుల డబ్బా. ముప్పయ్యేళ్ళలో ఈ పద్ధతి ఒక్కసారి కూడా తప్పలేదు.

ఐదో అంతస్తు మలుపులో ఆయాసం తీర్చుకుంటూ బాబాయ్ అక్కను తలుచుకున్నాడు. పద్నాలుగు నెలలైంది ఆమె పోయి. కొట్టు వెనక గోడలో బిగించిన చిన్న ఇనప పెట్టె ఆమెది. పోయే ముందు ఆస్పత్రి మంచం మీద చెయ్యి పట్టుకుని, "నీకు చెప్పలేకపోయింది ఆ పెట్టెలో పెట్టాను. తాళంచెవి కొట్లోనే ఉంది. అసలుదే వెతుక్కో. మారుది చెయ్యకు, పగలగొట్టకు" అంది. ఊళ్ళో ఎవరి తాళమైనా అరనిమిషంలో విప్పగల మనిషి, సొంత అక్క పెట్టె ముందు పద్నాలుగు నెలలుగా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మాట ఇచ్చాడు మరి. సొరుగులు వెతికాడు, నేల పలకలు లేపాడు, గడియారం విప్పాడు. దొరకలేదు. అక్క ఏం చెప్పాలనుకుందో తెలియకుండానే తనూ పోతానేమోనన్నది ఈ మధ్య ఆయన్ని పట్టుకున్న దిగులు.

ఆ దిగులు దిగమింగి మిగతా ఆరు అంతస్తులూ ఎక్కాడు. ఇప్పుడు చూడాల్సింది బతికున్నవాడి సంగతి.

కప్పు మీద గాలి గట్టిగా ఉంది. బల్లి పీట అంచు దాటించి వేలాడదీశాడు. రెండో తాడు ఇనప గుంజకు కట్టి ఉంది కానీ, కిందికి వదల్లేదు. గుంజ పక్కనే చుట్టచుట్టి ఉన్న ఆ తాడు మీద ఇనప పట్టు, పట్టుకు కొక్కెం ఎండలో ఎవరికీ అక్కర్లేనట్టు పడి ఉన్నాయి.

బాబాయ్ పిట్టగోడకు నాలుగడుగుల దూరంలోనే ఆగిపోయాడు. గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. ఇంకేం చెయ్యాలో తోచక ఆ కొక్కేన్ని చేతిలోకి తీసుకున్నాడు. అలవాటైన చేతులు ఊరుకుంటాయా? మూత తెరిచి చూశాయి, వదిలి చూశాయి. టిక్కుమంది. దానికో చిన్న గొళ్ళెం, గొళ్ళేనికో మర బిగింపు. మంచి పనివాడు చేసిన వస్తువు. ఇది తాళమే కదా అనుకున్నాడు. ఆ అనుకోవడంతోనే ఆయనకు ఒక అబద్ధం తట్టింది. జీవితంలో తాళాల గురించి ఆయన ఆడిన మొదటి అబద్ధం అది. ఆయన తరఫున నేను క్షమాపణ అడగను.

"అల్లుడూ, ఆరోజు నువ్వు జారినప్పుడు తాళంచెవి ఎక్కడుంది?"

"ఇక్కడే. గుండె మీద."

"కొక్కెం?"

బల్లి ఛాతీ బెల్టు వైపు చూసుకున్నాడు. "ఇక్కడే. పక్కనే."

"రెండూ ఆనుకుని ఉన్నాయి. అదీ సంగతి. పొరపాటు నాది, నీకు చెప్పలేదు. తాళంచెవి ఒక్కదానికీ బలం ఉండదు. దానికో తాళం ఉండాలి. నీదానికి తాళం ఈ కొక్కెం. ఆరోజు దాని చెంత ఉంది కాబట్టి నిన్ను కాపాడింది. ఈ మూడు నెలలూ దాన్ని ఒంటరిగా తిప్పావు. మిగిలిన బలం ఎన్నాళ్ళొస్తుందో నేను చెప్పలేను."

బల్లి ముఖంలో రంగు మారింది. కింద గంటసేపు నిజం చెబితే నురగ చూసుకున్నవాడు, ఇప్పుడు అబద్ధం మొదటి వాక్యానికే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మనుషులు ఇంతే, నేనూ అంతే, మీ సంగతి మీరు చూసుకోండి.

"మరిప్పుడేం చెయ్యాలి మావయ్యా?"

ఏం చెయ్యాలో బాబాయ్ చెప్పాడు. తాళంచెవిని తీగతో కొక్కేనికే కట్టెయ్యాలి. కొక్కెం బెల్టుకు పడి మూత బిగిస్తేనే తాళం పడ్డట్టు. తగిలించుకోకుండా దిగితే తాళంచెవి కప్పు మీదే ఉండిపోతుంది, నువ్వు ఒంటరిగా పోతావు. దిగుతున్నంతసేపూ పట్టును వెంట లాక్కోవాలి, లేకపోతే దానికి కోపం. ఒకసారి కట్టాక ఇంకెప్పుడూ విప్పకూడదు. నువ్వు విప్పకూడదు, ఎవరినీ విప్పనివ్వకూడదు, చివరికి నేనొచ్చి అడిగినా ఇవ్వకూడదు. విప్పిన రోజుతో దాని పని సరి.

"ఒట్టు?" అన్నాడు బాబాయ్.

"నా పిల్లదాని మీద ఒట్టు" అన్నాడు బల్లి, రోడ్డుకు అవతల చుక్కలా కనిపిస్తున్న పెళ్ళాం వైపు చూసి.

సంచి కుట్టు పళ్ళతో కొరికి తాళంచెవి తీసి, కళ్ళు పడకుండా బాబాయ్ గుప్పెట్లో పెట్టి మూశాడు. అయితే కొక్కేన్ని బెల్టుకు ఆనించి కొలత చూసుకుంటూ కట్టాలంటే, పీట వేలాడే చోట పిట్టగోడ దాకా వెళ్ళాలి. బాబాయ్ వెళ్ళాడు. కింద రోడ్డు కనబడగానే గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు మూసుకునే జేబులోంచి పట్టకారు తీశాడు, కళ్ళు మూసుకునే తీగ చుట్టాడు, బిగించాడు, కొస మడిచి లోపలికి నొక్కాడు. ఇంత పనీ వేళ్ళే చూసుకున్నాయి. కళ్ళు తెరిచింది మాత్రం వెనక్కి ఐదడుగులు వేశాకే.

బల్లి కొక్కేన్ని బెల్టుకు తగిలించుకున్నాడు. టిక్. మర బిగించాడు. రెండో తాడు చుట్ట విప్పి కిందికి వదిలాడు. మూడు నెలలుగా ముడుచుకుని ఉన్న తాడు బారుగా నేలదాకా జారిపోయింది. బల్లి పీట మీద కూర్చుని, అంచు దాటి మాయమయ్యాడు. కాసేపటికి పట్టు నొక్కి కిందికి లాగిన చప్పుడు వినిపించింది. మళ్ళీ కాసేపటికి ఇంకోసారి.

బాబాయ్ అక్కడే కప్పు మీద చతికిలబడి మనసారా నవ్వుకున్నాడు. నవ్వు ఆగక దగ్గొచ్చింది. ఒక మనిషి ప్రాణం తన డబ్బాలోని చెత్తకు వేలాడుతోందన్న భయంతో రెండు రాత్రులు నిద్రలేదు ఆయనకు. ఇప్పుడా ప్రాణం గట్టి తాడుకు వేలాడుతోంది. అంతకంటే ఏం కావాలి? దిగేటప్పుడు పదకొండు అంతస్తులూ ఎప్పుడు దిగాడో కూడా తెలియలేదు. సూపర్‌వైజరు గది ముందు ఆగి, మీ తాళంచెవి కూడా ఈ తాళ్ళ రిజిస్టరుకు కట్టేస్తేనే పనిచేస్తుందని, రోజూ రిజిస్టరు తెరిచి రెండు తాళ్ళూ చూశానని సంతకం పెడితే ఇంకా మంచిదని చెప్పి వచ్చాడు. అబద్ధం ఒకసారి అలవాటైతే అంతే.

రోడ్డుకు అవతల దర్జీ పిల్ల తల దించకుండా పైకే చూస్తోంది. బాబాయ్ దగ్గరికి రాగానే ఆయన చెయ్యి పట్టుకుంది. కళ్ళు తుడుచుకోవడానికి చేతికి దొరికింది మెడలోని టేపే.

"రెండు తాళ్ళు బాబాయ్" అంది చివరికి. "రెండు కనిపిస్తున్నాయి."

"కనిపిస్తూనే ఉంటాయి. ఇంక నిశ్చింతగా కుట్టుకో, పో."

ఏం మంత్రం వేశావని ఆమె అడిగింది. తాళానికి తాళంచెవి కలిపాను అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు, అక్కర్లేదు కూడా. మూల మీది కొట్లో రెండు టీలు తెచ్చి, ఆయన వద్దంటున్నా ఒకటి చేతిలో పెట్టింది. ఇద్దరూ గోడకు ఆనుకుని నిలబడ్డారు. బల్లి ఎనిమిదో అంతస్తు అద్దం తుడిచి, పట్టు లాక్కుని, ఏడోదానికి దిగాడు. ఆ పిల్ల నవ్వింది. మూడు రోజుల తర్వాత ఆ ముఖాన నవ్వు చూసి బాబాయ్‌కి టీలో చక్కెర ఎక్కువైనట్టనిపించింది.

గ్లాసు వేడిగా ఉంది. ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ బాబాయ్ బొటనవేలితో దాని అంచు రాశాడు. గ్లాసు అంచు నున్నగా ఉంది. ఇందాక కప్పు మీద తీగ చుడుతున్నప్పుడు ఇదే వేలికి తగిలిన అంచు నున్నగా లేదు.

వేలు ఆగిపోయింది. తల దగ్గర గరుగ్గా ఉంటుంది మావయ్యా అని అల్లుడు పొద్దున్నే చెప్పాడు. చెవికెక్కలేదు. పైన వేలికే తగిలింది, అప్పుడు బుర్రంతా భయంతో నిండి ఉంది. ఇప్పుడు నెమ్మదిగా వేలు తనకు తెలిసింది చెప్పడం మొదలుపెట్టింది. ఒక గాటు. దాని పక్కన ఒకటి. ఆ పక్కన ఇంకొకటి.

తప్పుల డబ్బాలో గాటు ఉన్న తాళంచెవి ఉండదు. ముప్పయ్యేళ్ళలో లేదు. ఉండదని ఎరిగి ఉన్నాడు కాబట్టే, కొట్టంతా తలకిందులు చేసినవాడు ఆ ఒక్క డబ్బాలో మాత్రం వెతకలేదు. వెతకడని అక్కకు తెలుసు. అక్కకు తమ్ముడు తెలియకపోవడమేమిటి.

"ఏంటి బాబాయ్, టీ ఒలికిపోతోంది" అంది దర్జీ పిల్ల.

ఆయన తల పైకెత్తాడు. ఏడో అంతస్తు దగ్గర అల్లుడి ఛాతీ మీద ఎండలో ఏదో చిన్నగా మెరిసింది. మావయ్య తన వైపే చూస్తున్నాడని బల్లి సంబరపడి చెయ్యి ఊపాడు. తర్వాత రెండు వేళ్ళతో కొక్కేన్ని తట్టి చూపించాడు, ప్రాణం పోయినా విప్పనన్నట్టు.